చేప కన్నుతో చూచిన ఆట
(ప్రసంగ పాఠము)

మన కవులు స్త్రీని మీనాక్షి యని పిలిచినప్పుడు చేప ఆకారమును తలచుకొని అట్లు పిలిచిరి. చేపవలె కోలగా, చంచలముగా ఉండు కన్నులు వారి మనస్సున మెదలినవి. ఆ చేప తన కంటితో లోకమును ఏ విధముగ చూచునని వారు అడిగినట్లు కానరాదు. మన కథలలో అర్జునుడు సయితము నీటిలోనికి వంగి, పైనున్న మత్స్యయంత్రము నీడను చూచి కొట్టినాడే కాని, నీటి అడుగునుండి పైకి చూడవలసిన పని ఆయనకు పడలేదు. ఆ పనిని ఇరువదవ శతాబ్దారంభమున ఒక అమెరికా భౌతికశాస్త్రవేత్త చేసినాడు. ఆయన ప్రశ్న నుండి పుట్టిన కటకమునకే నేడు ఫిష్ ఐ లెన్సు అని పేరు.

శ్రోతలారా! చిన్న సెన్సారు గల డిజిటలు కెమేరాలకు ఏ ఫిష్ ఐ కటకము తగును, దానితో సాహస క్రీడలను ఎట్లు చిత్రింపవలయును అను విషయమును నేడు మనవి చేయదలచినాము. ఇది కొద్దిమంది వేడుకకాండ్ర గొడవ యని కొందరు అనుకొనవచ్చును. కాని చక్రముల పలక కొనిపెట్టుమని అడుగు తమ్ముడును, ఆ ఆటను చిత్రించుటకు కటకము కొనిపెట్టుమని అడుగు అన్నయు ఒకే ఇంట ఉండుట నేడు వింత కాదు. కటకమనగా వేలకొలది రూపాయల వస్తువు. తెలియక కొన్నచో డబ్బు పోవును. తెలియక వాడినచో అద్దము పగులును, ఒక్కొక్కప్పుడు తలయు పగులును. అందుచేత తల్లిదండ్రులును, పిల్లలును కలసి వినదగిన విషయమే ఇది.

మొదట చేప సంగతి చూతము. నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనపడుట మన మెరిగినదే. గాలినుండి నీటిలోనికి దిగునప్పుడు కాంతి కిరణము వంగును. ఆ వంపు వలన నీటి పైనున్న ప్రపంచమంతయు, అనగా ఈ దిగంతము మొదలు ఆ దిగంతము వరకు గల 180 డిగ్రీలు, అడుగుననున్న చేపకు 97 డిగ్రీల వెడల్పు గల ఒక వృత్తములో ఇమిడి కనపడును. గట్టున నిలిచిన చెట్లు, మనుష్యులు, ఆ వృత్తపు అంచున నొక్కుకొని వంగి ఉందురు. నడినెత్తిన ఉన్నది మాత్రము తిన్నగా ఉండును. బాగుగా తోమిన ఇత్తడి చెంబును ముఖము దగ్గర పట్టుకొని చూచినచో ఇట్టి వింతయే కనపడును. ముక్కు పెద్దదగును, ముఖము చిన్నదగును, గదియంతయు, దాని నాలుగు మూలలతో సహా, చెంబు మీదికి వచ్చి చేరును.

అమెరికా దేశపు రాబర్టు విలియమ్సు వుడ్ అను శాస్త్రజ్ఞుడు 1906లో ప్రకటించిన వ్యాసమున ఈ చేప చూపును వర్ణించి, నీరు నింపిన సూదిబెజ్జపు కెమేరాతో అట్టి చిత్రములు తీసి చూపినాడు. ఫిష్ ఐ అను మాట ఆనాటిది. 1924లో ఇంగ్లండున రాబిన్ హిల్ అను నాయన ఆకాశమంతటిని ఒక్క చిత్రమున పట్టుటకై, మేఘముల పరిశీలన కొరకు, గాజుతో ఒక కటకమును రూపొందించినాడు. జపానులో నేడు నికాన్ అని ప్రసిద్ధిగల సంస్థ 1938లో ఇట్టి కటకమును తయారు చేసినది. 1962లో ఆ సంస్థయే 8 మిల్లీమీటర్ల కటకమును సామాన్యముగ చేత పట్టుకొను కెమేరాకు అమర్చునట్లుగ విక్రయమునకు పెట్టినది. ఆ కటకము వెనుక భాగము కెమేరా లోపలికి చొచ్చుకొని పోవుటచేత, లోపలి అద్దమును పైకెత్తి కదలకుండ నిలిపిన గాని అది అమరెడిది కాదు. ఇట్లు మబ్బులను లెక్కించుటకు పుట్టిన సాధనము మెల్లమెల్లగా ఛాయాగ్రాహకుల సంచిలోనికి వచ్చినది.

సంచిలోనుండి ఆటలోనికి దిగుటకు కాలిఫోర్నియా కారణమైనది. 1976, 1977 సంవత్సరములలో అచ్చట గొప్ప అనావృష్టి కలిగినది. ఇండ్ల పెరటిలోని ఈతకొలనులు అనేకములు ఎండినవి. గిన్నెవలె గుండ్రని గోడలుగల ఆ కొలనులలోనికి కుర్రవాండ్రు తమ చక్రముల పలకలతో దిగి, గోడల వెంబడి పైకి పోయి, అంచు దాటి గాలిలోనికి లేచి, మరల దిగసాగిరి. దీనిని చిత్రించువానికి నిలుచుటకు చోటేది? కొలను అంచున, ఆటగాడు లేచి వచ్చు చోటనే, మోకాళ్ల మీద కూర్చుండవలయును. ఆటగాడు ఒక బారెడు దూరమున ఉండును. సామాన్య కటకమునకు అతని మోకాలు మాత్రమే కనపడును. ఫిష్ ఐ కటకమునకు ఆటగాడు, పలక, కొలను, పైన ఆకాశము, ఆవలి గట్టున కేకలు వేయు మిత్రులు, అందరును కనపడుదురు. 1981లో ‘థ్రాషర్’, 1983లో ‘ట్రాన్స్‌వరల్డ్ స్కేట్‌బోర్డింగ్’ అను పత్రికలు వెలసినవి. రెండవదానికి మొదటినుండి చిత్రములు తీసిన జె. గ్రాంట్ బ్రిట్టెన్ వంటివారి వలన ఈ చూపు ఆ ఆటకు సహజ భాషయే అయినది. 1995లో వచ్చిన సోనీ వి.ఎక్స్. 1000 వీడియో కెమేరా ముందు ఫిష్ ఐ కటకమును తగిలించి తీసిన చిత్రములు ఆ భాషను ప్రపంచమంతట వ్యాపింపజేసినవి.

మన దేశమున క్రీడాచిత్రమనగా క్రికెట్టు చిత్రమే ముందు తలపునకు వచ్చును. అచ్చట ఛాయాగ్రాహకుడు బౌండరీ కావల కూర్చుండి, చేయంత పొడవైన కటకముతో దూరముననున్న బ్యాట్స్‌మనును దగ్గరకు లాగుకొనును. సాహస క్రీడలలో దీనికి సరిగా వ్యతిరేకము. ఛాయాగ్రాహకుడే ఆటలోనికి పోవును. దగ్గరనున్నదానిని కటకము దూరమునకు నెట్టును. అతడు ప్రేక్షకుడు కాడు, ఇంచుమించు ఆటగాడు. ఈ భేదమును మనస్సున పెట్టుకొన్నచో తక్కిన సంగతులన్నియు సులభముగ బోధపడును.

ఇక కటకపు స్వభావమును విచారింతము. విశాలమైన దృశ్యమును చదునైన ఫలకము మీదికి తెచ్చుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, లోకమున తిన్నగా ఉన్న గీతను చిత్రమున కూడ తిన్నగానే ఉంచుట. సామాన్యమైన విశాలకోణ కటకములు చేయునది ఇదే. కాని కోణము పెరిగినకొలది అంచులనున్న వస్తువులు సాగిపోవును. 180 డిగ్రీలకు చేరవలెనన్నచో ఫలకము అనంతముగ ఉండవలసి వచ్చును. రెండవ మార్గము, గీత తిన్నదనమును త్యాగము చేసి, లోకమును వంచి ఇముడ్చుట. ఇది ఫిష్ ఐ మార్గము. ఇందులోను చిత్రమధ్యము గుండ పోవు గీతలు మాత్రము వంగవు. ఈ ఒక్క సూత్రము ఛాయాగ్రాహకునికి గొప్ప ఉపకారి. దిగంత రేఖను సరిగా చిత్రమధ్యమున నిలిపినచో అది తిన్నగా ఉండును. కెమేరాను పైకెత్తినచో దిగంతము గిన్నెవలె పల్లమగును. దించినచో గుట్టవలె ఉబ్బును.

ఫిష్ ఐ కటకములలో రెండు జాతులు కలవు. ఒక జాతి గుండ్రని చిత్రము నిచ్చును; చుట్టును నలుపు మిగిలియుండును. రెండవ జాతి చట్రమునంతటిని నింపును. ఒక మూలనుండి ఎదుటి మూలకు కొలిచినచో 180 డిగ్రీలుండును. ఆటల చిత్రణకు సాధారణముగ వాడునది ఈ రెండవ జాతియే.

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వచ్చితిమి. పాత ఫిలిము చట్రము వెడల్పు 36, ఎత్తు 24 మిల్లీమీటర్లు. నేడు ఖరీదైన కెమేరాలలోని సెన్సారు ఈ కొలతనే అనుసరించును. కాని మధ్యతరగతి గృహములలోనికి వచ్చు డిజిటలు కెమేరాలు అనేకములలో సెన్సారు అంతకన్న చిన్నది. నికాన్ వారి చిన్న సెన్సారు ఇంచుమించు 23.6 మిల్లీమీటర్ల వెడల్పు, 15.7 మిల్లీమీటర్ల ఎత్తు గలది. కేనన్ వారిది మరికొంత చిన్నది, 22.3 చేత 14.9. అనగా పెద్ద ఫలకపు వైశాల్యములో సగమైనను లేదు. వీనినే క్రాప్ సెన్సారు కెమేరాలందురు.

పెద్ద చట్రము కొరకు చేసిన 15 మిల్లీమీటర్ల ఫిష్ ఐ కటకమును ఈ చిన్న కెమేరాకు తగిలించినచో ఏమగును? పెద్ద పెనము మీద పోసిన దోసెలో నడిమి ముక్కను మాత్రము చదరముగ కోసి విస్తరిలో వేసినట్లగును. దోసె రుచి కరకరలాడు అంచున ఉన్నట్లు, ఫిష్ ఐ కటకపు ప్రాణమంతయు దాని అంచులలో ఉన్నది. ఆ అంచులు పోయినవి. 180 డిగ్రీలకు బదులు సుమారు 110 డిగ్రీలు మిగులును. అంత కోణమును చిన్న కెమేరా కొరకు చేసిన 10 మిల్లీమీటర్ల సామాన్య విశాలకోణ కటకము, గీతలను వంచకుండగనే, ఇచ్చును. అనగా చేప చూపు రాలేదు, తిన్నని చూపును పోయినది. పేరు చూచి పాత కటకమును కొన్నవారికి కలుగు ఆశాభంగమునకు కారణమిదే. కనుక మొదటి నియమము: చిన్న సెన్సారునకు దాని కొరకే లెక్కించి చేసిన కటకమును ఎన్నుకొనవలయును. నాభ్యంతరము సుమారు 8 మొదలు 10.5 మిల్లీమీటర్ల వరకు ఉన్నవి ఈ కోవకు చెందును.

అట్టివానిలో పేరెన్నిక గన్నవానిని కొన్నిటిని పరిశీలింతము. నికాన్ వారు 2003లో ప్రకటించిన 10.5 మిల్లీమీటర్ల, ఎఫ్ 2.8 కటకము మొదట చెప్పదగినది. చిన్న సెన్సారు మీద ఇది నిండుగ 180 డిగ్రీల నిచ్చును. తేలికైనది, చిత్రము స్పష్టమైనది. కాని ఒక చిక్కు కలదు. దృష్టిని తనంతట సరిచేసుకొను మోటారు ఈ కటకములో లేదు. కెమేరా శరీరములోని మోటారు దానిని త్రిప్పవలయును. నికాన్ వారి చవుక రకపు కెమేరాలలో, డి 3000, డి 5000 వరుసలలో, ఆ మోటారు లేదు. వారి అద్దము లేని జడ్ కెమేరాలకు ఎఫ్.టి.జడ్. అడాప్టరు ద్వారా తగిలించినను మోటారు లేదు. అట్టి కెమేరాల మీద దృష్టిని చేతితోనే సరిచేసుకొనవలయును.

సిగ్మా సంస్థ 10 మిల్లీమీటర్ల, ఎఫ్ 2.8 కటకము తనలోనే మోటారును కలిగియుండును. నికాన్ చవుక కెమేరాల మీదను స్వయముగ దృష్టి నిలుపుకొనును. కేనన్ చిన్న సెన్సారు మీద కోణము కొంత తగ్గి 167 డిగ్రీలగును. ఆటల పనికి ఇది లోటు కాదు.

టోకినా సంస్థ వారి 10 నుండి 17 మిల్లీమీటర్ల కటకము మరియొక రకము. ఇది ఫిష్ ఐ జాతిలో జూమ్ కటకము. 10 కడ 180 డిగ్రీలు. 17 కడ 100 డిగ్రీలు. నీటి అడుగున చిత్రములు తీయువారికి ఇది చిరకాల మిత్రము. ఆటలకు దీని ప్రయోజన మేమనగా, నిలిచిన చోటు మార్చ వీలులేనప్పుడు, ఉదాహరణకు ప్రహరీ గోడ మీద కూర్చున్నప్పుడు, చట్రమును బిగించుకొనవచ్చును. అంచున ఎవరి చేయియో, దీపస్తంభమో చొరబడినచో కొంచెము త్రిప్పి దానిని బయటికి నెట్టవచ్చును. ఎండకు ఎదురుగ తీయునప్పుడు అంచుల వెంబడి రంగు చారలు కొంత కనపడును. ఎఫ్ 8 వద్దకు రంధ్రమును మూసినచో చిత్రము మెరుగగును.

కేనన్ వారి 8 నుండి 15 మిల్లీమీటర్ల ఎల్ తరగతి కటకము 2011లో విక్రయమునకు వచ్చినది. పెద్ద సెన్సారు మీద ఇది గుండ్రని చిత్రమును, నిండు చిత్రమును రెండింటిని ఇచ్చును. చిన్న సెన్సారు మీద సుమారు 10 మిల్లీమీటర్ల కడ నిండు చిత్రము వచ్చును. పొరపాటున నల్లని మూలలు రాకుండ ఆపుటకు దాని మీద ఒక మీట కలదు. ముందుముందు పెద్ద కెమేరా కొనవలెనను నిశ్చయము గలవారికి ఇది తగును. కాని వెల హెచ్చు. తొలిసారి కొనువారికి ఇంత అవసరము లేదు.

ఇక మిగిలినది కొరియా దేశపు సామ్‌యాంగ్ సంస్థ 8 మిల్లీమీటర్ల, ఎఫ్ 3.5 కటకము. ఇదే వస్తువు రోకినాన్ మొదలగు ఇతర నామములతోను అమ్ముడగును. దీనిలో మోటారు లేదు. అంతయు చేతి పని. వెల మాత్రము తక్కువ. దీనికొక విశేష గుణము కలదు. తక్కిన ఫిష్ ఐ కటకములు అనేకములు అంచులనున్న వస్తువులను నొక్కివేయును. సామ్‌యాంగ్ వారు ఎన్నుకొన్న గణిత పద్ధతి వలన అంచుననున్న మనిషి అంతగా నలిగిపోడు. తన ఆకారమును చాలవరకు నిలుపుకొనును. అద్దము లేని కొత్త కెమేరాల కొరకు ఈ సంస్థయే 8 మిల్లీమీటర్ల, ఎఫ్ 2.8 కటకమును చేసినది. సెవెన్ ఆర్టిజన్స్, టి.టి. ఆర్టిజాన్ అను చైనా సంస్థలు 7.5 మిల్లీమీటర్ల కటకములను చవుకగ అమ్ముచున్నవి. ఇవియును చేతితో త్రిప్పవలసినవే. ఇంకను చిన్నదైన ఫోర్ థర్డ్స్ సెన్సారు గలవారికి పానసోనిక్, ఒలింపస్ సంస్థల 8 మిల్లీమీటర్ల కటకములు కలవు.

చేతితో దృష్టి నిలుపుట యనగానే, పరుగులెత్తు ఆటగాని మీద అది సాధ్యమా యని శ్రోతలు సందేహింపవచ్చును. ఇచ్చటనే ఈ కటకము మనకు సాయపడును. నాభ్యంతరము చిన్నదైనకొలది స్పష్టముగ కనపడు లోతు హెచ్చును. 8 మిల్లీమీటర్ల కటకమును ఎఫ్ 5.6 కడ ఉంచి, 60 సెంటీమీటర్ల దూరమున దృష్టి నిలిపినచో, ఇంచుమించు 30 సెంటీమీటర్లు మొదలు కనుచూపు మేర వరకు అంతయు స్పష్టముగనే ఉండును. ఒకసారి త్రిప్పి, కదలకుండ చిన్న పట్టీ అంటించి, ఇక మరచిపోవచ్చును. మోటారు వెదకుకొనుచు ఆలస్యము చేసి క్షణమును పోగొట్టు బాధ లేదు. అందుచేత మోటారు లేదను కారణమున మాత్రమే చవుక కటకమును త్రోసిపుచ్చ నక్కరలేదు. మా అభిప్రాయమున, కుర్రవానికి మొదటి కటకముగ సామ్‌యాంగ్ వంటిది చాలును. నీటి పనియు, ఆట పనియు రెండును చేయువానికి టోకినా మేలు.

చిత్రించు విధానమును గూర్చి నాలుగు మాటలు. కటకము విశాలమైనంత మాత్రమున చలనము నిలువదు. ఒక మీటరు దూరమున వేగముగ పోవు పలక 1/250 సెకనులో స్పష్టముగ అలుకుకొని పోవును. పగటి వెలుతురున 1/1000 సెకను, వీలైనచో అంతకన్న తక్కువ కాలము పెట్టవలయును. సాయంకాలమున ఫ్లాషు దీపముల సాయము పొందవలయును. అప్పుడు కెమేరా వేగము సామాన్యముగ 1/200 లేక 1/250 సెకనుకు మించదు కాని, ఫ్లాషు మెరుపు తానే అతిస్వల్ప కాలము కనుక ఆటగానిని గాలిలో నిలిపివేయును. కెమేరా మీదనే ఫ్లాషు నుంచినచో మధ్య వెలిగి, అంచులు చీకటగును. దీపములను ప్రక్కలకు దూరముగ నిలుపుట మంచిది. ఐతే 180 డిగ్రీలు చూచు కటకము దీపపు కాళ్లను, ఛాయాగ్రాహకుని నీడను, వాని కాలివేళ్లను సయితము చూచునని మరువరాదు.

కెమేరాను నేలకు దగ్గరగ పట్టుట ఈ ఆటల సంప్రదాయము. క్రిందినుండి చూచినప్పుడు ఆటగాని క్రింద గాలి కనపడును, ఎత్తు తెలియును. ఆటగానిని నట్టనడుమ కాక, కొంచెము ప్రక్కగ నిలిపినచో వంపు అతని కదలికకు తోడగును. కాని మరీ మూలకు త్రోసినచో కాలు చేతులు వికారముగ సాగును, లేక నలుగును. ఎప్పుడును వస్తువు దగ్గరకు పోవలయును. ఈ కటకముతో రెండు మీటర్లనుండి ఒక మీటరునకు జరిగినచో ఆటగాడు ఇంచుమించు రెట్టింపగును. వెనుకనున్న మేడలు మాత్రము మారవు. బెత్తెడు దూరము చిత్రమును మార్చివేయును. దూరమున నిలిచి తీసినచో విశాలమైన ఖాళీ స్థలమును, నడుమ చీమంత మనిషియు మిగులుదురు.

ఈ దగ్గరతనములోనే ప్రమాదమును దాగియున్నది. 8 మిల్లీమీటర్ల కటకములో, రెండు మీటర్ల దూరముననున్న ఆరడుగుల మనిషి చట్రపు ఎత్తులో సగమైనను నిండడు. కెమేరాలో కన్ను పెట్టి చూచువానికి అతడు ఇంకను చాల దూరముననున్నట్లు తోచును. ఇంకను ముందునకు జరుగును. ఆటగాడు తప్పిన క్షణమున పలక వాని కాలిక్రిందినుండి బాణమువలె ఎగిరి వచ్చును. ఫిష్ ఐ ముందు అద్దము గ్రుడ్డువలె ఉబ్బియుండును. సామాన్య కటకములకు వలె దానిమీద రక్షణగ మరొక అద్దమును బిగించుటకు వీలులేదు. ఈ ఆటల ఛాయాగ్రాహకులలో అద్దము పగులగొట్టుకొనని వారు అరుదు. అద్దము పోయిన మరియొకటి కొనవచ్చును; కన్ను పోయిన కొనలేము. కనుక మేము నొక్కి చెప్పునదేమనగా, కెమేరాను కంటినుండి తీసి చేతితో చాచి పట్టవలయును. చట్రమును ముందుగనే ఊహించుకొని, రెండు కన్నులతో ఆటగానినే చూచుచుండవలయును. తలకు శిరస్త్రాణము ఆటగానికి ఎంత అవసరమో ఛాయాగ్రాహకునికి అంతే అవసరము. ఆటగాడు ఎటు దిగును, తప్పినచో పలక ఎటు పోవును అని ముందు అతనినే అడిగి, ఆ దారిని విడిచి కూర్చుండవలయును.

సముద్రమున కెరటముల మీది ఆటకు ఇంకను జాగ్రత్త వలయును. కాలిఫోర్నియా వాడైన జార్జి గ్రీనో 1960 దశకము చివరి భాగమున బరువైన కెమేరాను భుజమున కట్టుకొని, చుట్టుకొను కెరటము లోపలికే పోయి చిత్రములు తీసినాడు. నాటినుండి ఛాయాగ్రాహకులు నీటిలో ఈదుచు, గట్టి పెట్టెలో కెమేరానుంచి, దాని ముందు గోళాకారపు గాజు మూత పెట్టి చిత్రించుచున్నారు. మూత చదునైనచో నీటిలో కోణము తగ్గిపోవును. గోళముగ ఉన్న గాని చేప చూపు నిలువదు. సర్ఫింగు పలక క్రిందనుండు రెక్కలు కత్తివలె ఉండును. ఈత బాగుగ రానివాడు, ఒంటరిగ పోవువాడు, ఈ పనికి పూనుకొనరాదు. మన తూర్పు తీరపు సముద్రము ఎంత లోపలికి లాగునో విశాఖపట్టణ వాసులకు మేము చెప్పవలసిన పని లేదు.

తుదకు, మాకు అన్నిటికన్న ముఖ్యమని తోచు సంగతి నొకదానిని మనవి చేసెదము. 2020 నాటి టోక్యో ఒలింపిక్సు 2021లో జరిగినప్పుడు స్కేటుబోర్డింగు, సర్ఫింగు మొదటిసారిగ ఆ వేదిక నెక్కినవి. అచ్చట న్యాయనిర్ణేతలుందురు, మార్కులుండును. కాని ఈ ఆటలలో పేరు తెచ్చు సాహసములు పెక్కింటికి మైదానము లేదు, అంపైరు లేడు. ఏదో వీధిలో, ఏదో మెట్ల మీద, నలుగురు మిత్రుల ఎదుట జరిగిపోవును. దానికి సాక్షి చిత్రము మాత్రమే. ఆ సాక్షి చేతిలోనే వంచి చూపు కటకమున్నది! కటకమునకు దగ్గరగ పట్టిన మూడు మెట్లు కొండవలె కనపడును. దూరముగ ఉన్న పది మెట్లు చదునై పోవును. జానెడు ఎగిరినవానిని ఆకాశమున నిలుపుట ఈ కటకమునకు క్షణము పని. చూచిన పసివాడు అది నిజమని నమ్మి, అంత ఎత్తునుండి తానును దుముకవచ్చును. లేదా, నిజముగ గొప్ప సాహసము చేసినవాని శ్రమ, తప్పు చోటినుండి తీసిన చిత్రమున చిన్నదై పోవచ్చును. రెండును అన్యాయములే.

అందుచేతనే ఈ కళలో పండినవారు ఒక మర్యాదను పాటింతురు. ఆటగాడు ఎచ్చటినుండి బయలుదేరెనో, ఎచ్చట దిగబోవుచున్నాడో, ఆ రెండు చోట్లును చట్రములో ఉండునట్లు చూతురు. అప్పుడు కటకము ఎంత వంచినను, చూచువాడు తన బుద్ధితో ఎత్తును, దూరమును కొలుచుకొనగలడు. ప్రక్కన ఒక మనిషిని నిలిపినను చాలును; మనిషి ఎత్తు ఎవరికైనను తెలిసినదే కదా. మెట్ల వరుస ముఖ్యమైనచో ఫిష్ ఐ చిత్రముతో పాటు, సామాన్య కటకముతో దూరమునుండి మరియొకటి తీయుదురు. వంపును తరువాత కంప్యూటరులో సరిచేసికొందమనుట సాధ్యమే కాని, అట్లు సరిచేసినప్పుడు అంచులు సాగి కొంత భాగము పోవును. 180 డిగ్రీలు కావలెనని కొని, వానిని కోసి పారవేయుట తెలివి కాదు.

కొనబోవు గృహస్థులకు మా సలహా నాలుగు ప్రశ్నల రూపమున చెప్పెదము. కెమేరా సెన్సారు కొలత ఏది? ఆ కొలతకు ఈ కటకము 180 డిగ్రీలు, లేక దానికి దగ్గరగ, ఇచ్చునా? మోటారు కటకములోనిదా, కెమేరాలోనిదా, అసలే లేదా? ముందు అద్దము మీద గీతలు, లోపల బూజు కలవా? నాలుగవది పాతవి కొనువారికి. వానకాలపు చెమ్మలో పెట్టెలోనుంచిన కటకమునకు బూజు పట్టుట మన ప్రాంతమున సామాన్యము. వేడుక తీరునో తీరదో తెలియనప్పుడు ఒక ఆదివారమునకు అద్దెకు తెచ్చి చూచుట అన్నిటికన్న ఉత్తమము. ఆట కొరకు కొన్న కటకము ఆటతో ముగిసిపోదు. లేపాక్షి ఆలయపు నాట్యమండపమున నేల మీద వెల్లకిల పరుండి, పైకప్పు మీది చిత్రముల వంక దానిని త్రిప్పినచో, స్తంభములన్నియు చుట్టును వంగి, ఆ కప్పును చేతులెత్తి మోయుచున్నట్లు కనపడును.

చేప తన కన్నుతో చూచినది వంకరయని అనుకొనదు. దానికి లోకము అంతే. మనకు మాత్రము తిన్ననిది ఏదో, వంగినది ఏదో తెలియును. తెలిసి వంచువాడు కళాకారుడు. వంచినది తెలియకుండ చూపువాడు కాడు. ఈ విచక్షణ గల కుర్రవాని చేతికి కటకము నిచ్చుటకు తల్లిదండ్రులు వెనుదీయ నక్కరలేదు. శిరస్త్రాణము మాత్రము కటకముతో పాటే కొనిపెట్టుదురు గాక.